మామత్ దంతపు బొమ్మలు: విదేశాల్లో సరుకు, మన దేశంలో నిషిద్ధం

మార్కాపురం పలకరాయికి విదేశాల్లో గిరాకీ కొత్త కాదు. బడిపిల్లల పలకగా పేరు తెచ్చుకున్న ఈ రాయి ఇప్పుడు గోడలకు తాపడంగా, నేలకు పరుపుగా, తోటల్లో దారిరాయిగా ఓడలెక్కుతున్నది. ఈ వ్యాపారం చేసేవారికి విదేశాల్లో అలంకరణ వస్తువులు అమ్మే సంస్థలతో ఉత్తర ప్రత్యుత్తరాలు తప్పవు. అటువంటి సంస్థల సరుకుల జాబితాల్లో రాతి సామాను పక్కనే అప్పుడప్పుడు మరొక సరుకు కనిపిస్తుంది. అరచేతిలో ఇమిడే ఎలుగుబంటి, పడుకున్న పులి, తామరాకు మీద కప్ప, పిల్లతో నిలిచిన ఏనుగు వంటి బొమ్మలవి. ముడిసరుకు పేరు 'శిలాజ మామత్ దంతం' అని రాసి వుంటుంది. చేతిపనిని బట్టి ధర వుంటుంది. సేకరణదారులు పోటీపడి కొంటారు.

ఇది చూసిన వర్తకుడికి సహజంగా కలిగే ఆలోచన ఒకటున్నది. ఏనుగు దంతం నిషిద్ధమని అందరికీ తెలుసు. కాని ఇది ఏనుగు దంతం కాదు గదా! వేల సంవత్సరాల క్రితమే నశించిపోయిన జంతువుది. దీని కోసం ఏ జంతువునూ చంపనక్కరలేదు. అమ్మేవాడు బిల్లు ఇస్తాడు, ప్రభుత్వ అనుమతి పత్రాలు చూపిస్తాడు. అలాంటప్పుడు నాలుగు బొమ్మలు తెప్పించి హైదరాబాదులోనో, బెంగుళూరులోనో అమ్మితే తప్పేమిటి?

ఈ ప్రశ్నకు సుప్రీంకోర్టు 2003లోనే జవాబు చెప్పింది. మన దేశంలో మామత్ దంతం వ్యాపారం కూడా నేరమే. ఆ జవాబు ఎలా వచ్చింది, అసలు ఈ సరుకు ఏమిటి, బయటి దేశాల్లో దీని మార్కెట్టు ఏ తీరున నడుస్తున్నది అన్నవి పెట్టుబడి పెట్టేవారు, మధ్యవర్తిత్వం చేసేవారు ముందుగా తెలుసుకోవలసిన విషయాలు.

సరుకు ఏమిటి?

మామత్ ఏనుగు జాతికి దగ్గర బంధువు. ఒళ్ళంతా దట్టమైన బొచ్చుతో చలిదేశాల్లో తిరిగిన జంతువు. ప్రధాన భూభాగంలో ఇది సుమారు 10 వేల సంవత్సరాల క్రితం అంతరించింది. సైబీరియాకు ఉత్తరాన వున్న రాంగెల్ దీవిలో మాత్రం సుమారు 4 వేల సంవత్సరాల క్రితం వరకు కొన్ని మిగిలి వున్నాయి. వంకర తిరిగిన దాని దంతాలు మూడు నాలుగు మీటర్ల పొడవు వరకు పెరిగేవి.

'శిలాజం' అన్న మాట వ్యాపారంలో వాడుకగా వచ్చిందేగాని, పూర్తిగా సరైనది కాదు. శిలాజం అంటే రాయిగా మారినది. మామత్ దంతంలో అధికభాగం రాయిగా మారలేదు. గడ్డకట్టిన నేలలో మంచుపెట్టెలో పెట్టినట్లు భద్రంగా వుండిపోయిన అసలు దంతమే అది. అందుకే ఉలికి, రంపానికి లొంగుతుంది, మెరుగు పట్టుతుంది. రాయిగా మారినదైతే బొమ్మ చెక్కేవానికి పనికి రాదు. ఈ తేడా తర్వాత చట్టం విషయానికి వచ్చినప్పుడు కూడా గుర్తుంచుకోవలసినదే.

మన నేలలో ఈ సరుకు దొరికే ప్రశ్న లేదు. నల్లమలకు అవతల బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహల్లో 1880లలో రాబర్ట్ బ్రూస్ ఫూట్ ఆధ్వర్యంలో తవ్వకాలు జరిగి, ఖడ్గమృగంతో సహా అనేక పాతకాలపు జంతువుల ఎముకలు బయటపడిన మాట నిజం. మార్కాపురం, కంభం, గిద్దలూరు ప్రాంతాలు 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడే దాకా ఆ కర్నూలు జిల్లాలోనివే. అయితే అవి శాస్త్ర పరిశోధనకు పనికివచ్చిన ఎముకలు. మామత్ చలిదేశపు జంతువు. 'కొండల్లో దొరికిన మామత్ దంతం' అని మన ప్రాంతంలో ఎవరైనా బేరానికి తెస్తే ఆ మాట అబద్ధమని అక్కడికక్కడే తేల్చుకోవచ్చును.

ఎక్కడి నుంచి వస్తుంది?

సరఫరా దాదాపు మొత్తం రష్యాలోని యాకూతియా ప్రాంతం నుంచి, ఆర్కిటిక్ సముద్రంలోని దీవుల నుంచి వస్తుంది. ఎండాకాలంలో నేల పైపొర కరిగినప్పుడు, నదుల ఒడ్లు, సముద్రపు ఒడ్లు విరిగి పడినప్పుడు దంతాలు బయటపడతాయి. ఏరుకునేవారు కొందరైతే, పంపులతో నీటిని చిమ్మి గట్లను కరిగించి తీసేవారు మరికొందరు. పని సాగేది కొద్ది నెలలు మాత్రమే. అంచేత ఇది మిర్చి, కంది మాదిరిగానే రుతువును బట్టి వచ్చే సరుకు. ఒక తేడా ఏమంటే కంది మళ్ళీ పండుతుంది. మామత్ మళ్ళీ పుట్టదు.

ఈ వ్యాపారం నిన్న మొన్నటిది కాదు. 1770లలో లియాఖోవ్ అనే రష్యా వర్తకుడు దంతాల కోసం మంచు మీదుగా ఉత్తర దీవులకు వెళ్ళాడు. అక్కడ సరుకు సేకరించే హక్కును రాణి రెండవ కాథరిన్ ఆయనకు ఇచ్చింది. ఆ దీవులు నేటికీ ఆయన పేరుతోనే పిలవబడుతున్నాయి. రష్యాలో ఆర్ఖాంగెల్స్క్ దగ్గరి ఖొల్మొగొరి పనివారు 17వ శతాబ్దం నుంచి దంతపు పనికి ప్రసిద్ధులు.

అంతకన్నా వెనక్కి పోతే, మానవుడు చేసిన మొట్టమొదటి జంతు బొమ్మలలో కొన్ని మామత్ దంతంతో చేసినవే. జర్మనీలోని ఫోగెల్‌హెర్డ్ గుహలో 1931లో బయటపడిన చిన్న గుర్రపు బొమ్మ పొడవు 5 సెంటీమీటర్ల లోపు. వయస్సు 35 వేల సంవత్సరాలకు పైమాటే. అదే దేశంలో 1939లో ముక్కలుగా దొరికి, తర్వాత అతికించిన సింహముఖ మనిషి బొమ్మ ఎత్తు 31 సెంటీమీటర్లు. సేకరణదారులకు ఈ సరుకుపై వున్న మోజుకు ఈ పాత చరిత్ర కూడా ఒక కారణం.

ఆధునిక మార్కెట్టులో ప్రధాన కొనుగోలుదారు చైనా. సరుకు చేరే పెద్ద రేవు హాంకాంగు. 2010 ప్రాంతపు అంచనాల ప్రకారం రష్యా నుంచి ఏటా సుమారు 60 టన్నుల మామత్ దంతం ఎగుమతి అయ్యేది. అందులో అత్యధిక భాగం హాంకాంగుకు చేరేది. 1990 నుంచి ఏనుగు దంతపు అంతర్జాతీయ వ్యాపారం మూతపడటంతో చెక్కడం పనివారు, దుకాణదారులు ఈ దంతం వైపు మళ్ళారు. ఒక సరుకుకు తలుపు మూసుకుంటే దానికి బదులు సరుకు ధర లేస్తుందన్న సూత్రం మన బజారులో అందరికీ తెలిసినదే.

బొమ్మగా మారే తీరు

దంతం పెరిగే తీరు ఒకదానిలో ఒకటి దూర్చిన కాగితపు పొట్లాల వంటిది. ఏటేటా లోపల కొత్త పొర చేరుతుంది. వేల సంవత్సరాలు తడిమంచులో వున్న దంతాన్ని బయటికి తీసి త్వరగా ఎండబెడితే ఈ పొరలు విడిపోతాయి. మార్కాపురంలో పలకరాయి పొరను ఉలితో విడదీసే పనివానికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. పలకకు పొర విడివడటం గుణం. దంతానికి అదే దోషం. అందుకే దంతాన్ని నీడలో నెమ్మదిగా ఆరబెడతారు.

ఆరిన దంతంలో పగుళ్ళు, మరకలు, పుచ్చు పోను చెక్కడానికి పనికివచ్చే భాగం ఎంత అన్నది దంతం దంతానికీ మారుతుంది. అసలు తరుగు ఇక్కడే. తెలుపు, మీగడ రంగులో గట్టిగా వున్న భాగానికి మేలురకం ధర. గోధుమరంగు తిరిగినది మధ్యరకం. పొరలు విడిపోయినది, పొడి రాలేది పొదుగుపనికి, కత్తి పిడులకు పోతుంది. మట్టిలోని ఖనిజాలు దిగి నీలి, ఆకుపచ్చ, ముదురు గోధుమ రంగులు పట్టిన పైపెచ్చును కొందరు పనివారు పారేయరు. ఎలుగుబంటి వీపుకో, రాతి మీద కూర్చున్న బల్లి కింద పీఠానికో ఆ పెచ్చునే వాడుకుంటారు. ఆ రంగు చూసే ఇది మామత్ సరుకని కొనేవాడు గుర్తుపడతాడు.

చిన్న జంతు బొమ్మలకు మాతృక జపాను నెట్సుకెలు. జేబులు లేని జపాను దుస్తులకు నడికట్టు నుంచి సంచి వేలాడదీసేటప్పుడు జారకుండా పైన వుంచే చిన్న బిళ్ళవంటి బొమ్మ నెట్సుకె. ఎలుక, కుందేలు, కోతి, పాము వంటి జంతువులు వాటిలో ఎక్కువ. ఇప్పటి బొమ్మలు చాలావరకు ఆ కొలతలోనే విద్యుత్తుతో తిరిగే సన్నని ములుకులతో చెక్కబడుతున్నాయి. చివర పాలిష్. కొన్నిటికి పాతదనం కనిపించేందుకు రంగు పట్టిస్తారు.

ధర దేనిమీద నిలుస్తుంది?

వయస్సు ఎక్కువైతే ధర ఎక్కువ అనుకోవటం పొరపాటు. వయస్సే ధర అయితే మన పలకరాయిని మించిన సరుకు వుండరాదు. భూగర్భ శాస్త్రజ్ఞులు 'కంభం నిర్మాణం' అని మన ఊరి పేరుతోనే పిలిచే రాతి శ్రేణిలోనిది అది. దాని వయస్సు వంద కోట్ల సంవత్సరాలకు పైమాటే. మామత్ దంతం వయస్సు వేలల్లోనే.

సేకరణ సరుకుకు ధర నాలుగు కాళ్ళ మీద నిలుస్తుంది: చేతిపని నేర్పు, ముడిసరుకు నాణ్యం, పగుళ్ళు లేని స్థితి, వస్తువు ఎక్కడిదో చెప్పే కాగితాలు. మొదటి మూడూ కంటికి కనిపిస్తాయి. నాలుగవది కనిపించదు గాని, తిరిగి అమ్మేటప్పుడు మొదట అడిగేది అదే. చట్టం ఒప్పని చోట వున్న బొమ్మకు ఆ నాలుగో కాలు విరిగినట్లే. ఎంత గొప్ప పనితనమైనా దానికి బహిరంగ వేలం లేదు, బీమా దొరకటం కష్టం, బాంకు అప్పు లేదు. రహస్యంగా అమ్మవలసిన వస్తువుకు ధర చెప్పేది కొనేవాడేగాని అమ్మేవాడు కాదు.

గుర్తించే పద్ధతి

మామత్ దంతాన్ని, ఏనుగు దంతాన్ని వేరుచేయటానికి నిపుణులు వాడే పద్ధతి ఒకటుంది. దంతాన్ని అడ్డంగా కోసిన ముఖం మీద ఒకదానినొకటి దాటిపోయే సన్నని గీతలు కనిపిస్తాయి. వీటిని ష్రెగర్ గీతలంటారు. బయటి అంచుకు దగ్గరగా ఈ గీతలు కలిసే కోణాన్ని కొలుస్తారు. 90 డిగ్రీలకు తక్కువైతే మామత్. 115 డిగ్రీలు మించితే ఏనుగు. మధ్యలో వచ్చే కోణాలు రెండింటిలోనూ కనిపించవచ్చు గనుక ఒక్క కొలతతో తేల్చరాదు, పలుచోట్ల కొలవాలి. మామత్ దంతంలో వివియనైట్ అనే ఇనుప ఖనిజం వల్ల ఏర్పడిన నీలి, గోధుమ మచ్చలు కూడా ఒక ఆనవాలు. ఇవి అతినీలలోహిత దీపం కింద బాగా బయటపడతాయి.

అయితే ఈ పరీక్షకు అడ్డంగా కోసిన ముఖం కావాలి. దుంగ దంతంలో అది సులభం. మూడంగుళాల కోతి బొమ్మలో ఆ ముఖం పాదాల కిందో, పీఠం అడుగునో వుంటే వున్నట్లు, లేకపోతే లేదు. అంతా గుండ్రంగా చెక్కి మెరుగుపెట్టిన బొమ్మను కంటితో చూసి మామత్ అనో, ఏనుగు అనో చెప్పటం అనుభవం గలవారికే కష్టం. ఏనుగు దంతానికి రంగు పట్టించి మామత్ అని అమ్మే అవకాశం ఇక్కడే వున్నది. చట్టం పట్టుదలకు మూలకారణం కూడా ఇదే.

ఇక పూర్తి నకిలీల సంగతి. ఎముకతో చేసినదైతే భూతద్దంలో సన్నని చుక్కలు, గాట్లు కనిపిస్తాయి. అవి రక్తనాళాల దారులు. దంతానికి అవి వుండవు. ప్లాస్టిక్, రెసిన్ పోత బొమ్మల్లో గీతలు వున్నా ఒకే దిశలో సమాంతరంగా వుంటాయి, ఒకదానినొకటి దాటవు. ఈ రకాలను అమ్మటం నేరం కాదు. దంతమని చెప్పి అమ్మటం మోసం.

1991 సవరణ, 2003 తీర్పు

ఇప్పుడు చట్టం మాట. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. 1977లో ఏనుగును ఆ చట్టపు మొదటి షెడ్యూలులోకి మార్చారు. 1986 సవరణతో మన దేశపు ఏనుగు దంతం వ్యాపారం మూతపడింది. అప్పటికి ఆఫ్రికా నుంచి దిగుమతి చేసుకున్న దంతంతో వ్యాపారం మిగిలి వుంది. దిగుమతి సరుకు పేరుతో దేశీయ దంతం చలామణి అవుతున్నదని ప్రభుత్వం గ్రహించి 1991లో మళ్ళీ చట్టాన్ని సవరించింది. 'భారతదేశంలోకి దిగుమతి అయిన దంతం', దానితో చేసిన వస్తువులు అనే మాటలు చేర్చి, వాటి తయారీని, అమ్మకాన్ని నిషేధించింది. నిల్వలు వదిలించుకునేందుకు ఆరు నెలల గడువు ఇచ్చింది. ఆ గడువు 1992 ఏప్రిల్‌తో ముగిసింది.

దంతపు వర్తకులు, పనివారు ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళారు. తమ నిల్వలు చట్టబద్ధంగా కొన్నవని, వ్యాపార హక్కును హరించరాదని వాదించారు. వారిలో మామత్ దంతం నిల్వలున్నవారి వాదం ప్రత్యేకమైనది. చట్టం ఏనుగును కాపాడటానికి వచ్చింది, మామత్ నశించిన జంతువు, దాన్ని కాపాడేదేమున్నది, మా సరుకును శాస్త్రీయంగా వేరుచేసి చూపవచ్చు అని వారన్నారు. 1997 మార్చిలో హైకోర్టు ఈ వాదాలను తోసిపుచ్చింది. విషయం సుప్రీంకోర్టుకు పోయింది.

2003 ఆగస్టు 27న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. చట్టంలో వాడిన మాట 'దంతం' అని మాత్రమే వున్నది, 'ఏనుగు దంతం' అని లేదు. మామూలు వాడుకలోగాని, నిఘంటువులలోగాని దంతమంటే మామత్ దంతం కూడా అందులోకి వస్తుంది. అన్ని రకాల దంతపు వ్యాపారాన్నీ ఆపితేగాని ఏనుగుల వేట ఆగదన్నది పార్లమెంటు ఉద్దేశం. నిపుణుడు తేడా చెప్పగలిగినా మామూలు కొనుగోలుదారు చెప్పలేడు. ఈ ధోరణిలో న్యాయస్థానం మామత్ దంతం కూడా నిషేధంలోనిదేనని తేల్చింది.

వర్తకుడు ఇక్కడ గ్రహించవలసినది ఒకటున్నది. బిల్లు మీద 'మామత్' అని రాయటం, పరీక్ష పత్రం జతచేయటం మన దేశంలో రక్షణ కాదు. సరుకు నిజంగా మామత్ అని రుజువైనా అది నిషిద్ధ సరుకే. కస్టమ్స్ వర్గీకరణను చూసినా ఇదే కనిపిస్తుంది. ప్రపంచమంతటా వాడే సుంకాల జాబితా ఐదవ అధ్యాయపు వివరణలో ఏనుగు, నీటిగుర్రం, వాల్రస్ వంటి వాటి కోరలతోపాటు అన్ని జంతువుల పళ్ళనూ దంతంగానే లెక్కించాలని వున్నది. ముడిదంతం 0507 కింద, చెక్కినది 9601 కింద వస్తాయి. ఏనుగు దంతం, మామత్ దంతం అని ఆ శీర్షికలు వేరుచేసి చూడవు.

దళారీకి మినహాయింపు లేదు

చట్టంలోని ఈ అధ్యాయాన్ని ఉల్లంఘించినవారికి శిక్ష మూడేళ్ళకు తగ్గకుండా ఏడేళ్ళ వరకు జైలు, ఆ పైన జరిమానా. సరుకును, దాన్ని తరలించిన వాహనాన్ని స్వాధీనం చేసుకుంటారు. బెయిలు షరతులు కఠినం. మార్కాపురం, గిద్దలూరు అటవీ డివిజన్లు నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యంతో ముడిపడి వున్నవి గనుక వన్యప్రాణి నేరాలపై ఇక్కడి అటవీ సిబ్బందికి కన్ను ఎక్కువే.

'నేను కొనలేదు, అమ్మలేదు, ఇద్దరినీ కలిపి కమీషన్ తీసుకున్నాను' అనే జవాబు ఈ చట్టం ముందు నిలవదు. నేరానికి ప్రయత్నించినవారు, తోడ్పడినవారు కూడా నేరం చేసినట్లే భావించాలని 52వ సెక్షన్ చెబుతున్నది. వాట్సాప్‌లో ఫోటో పంపి బేరం కుదర్చటం, గోడౌనులో పెట్టెను వుంచుకోవటం, లారీ మాట్లాడిపెట్టటం తోడ్పాటు కిందికి రావచ్చును. మిర్చి బేరంలో రెండు శాతం కమీషన్ పోతే పోయిందనుకోవచ్చు. ఇక్కడ పోయేది సంవత్సరాలు.

సరుకు మన దేశపు గడ్డ తొక్కకుండా హాంకాంగులో కొని దుబాయిలో అమ్మితే ఎలా వుంటుందని కొందరు అడగవచ్చు. విదేశంలో కొని విదేశంలోనే అమ్మే వ్యాపారానికి రిజర్వు బాంకు నిబంధనలు అవకాశమిస్తాయి. కాని ఆ సరుకు మన విదేశీ వాణిజ్య విధానం కింద ఎగుమతి, దిగుమతులకు అనుమతి వున్నదై వుండాలి. నిషిద్ధ సరుకుకు ఈ దారి లేదు.

విదేశాల్లో ఉద్యోగాలు చేసే మన పిల్లలు సెలవులకు వచ్చేటప్పుడు ముచ్చటపడి ఒక బొమ్మ తెచ్చే అవకాశం వుంది. అక్కడ దుకాణంలో రసీదుతో కొన్నదే అయినా ఇక్కడి విమానాశ్రయంలో కస్టమ్స్ అధికారులు ఆపవచ్చు. ఎలాగో ఇల్లు చేరినా దాన్ని అమ్ముకునే దారి లేదు. ముందే చెప్పి వారించటం మంచిది.

ఇతర దేశాల పరిస్థితి

వన్యజీవుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందమైన సైటిస్‌లో మన దేశం 1976లో చేరింది. ఆసియా ఏనుగు మొదటి నుంచీ, ఆఫ్రికా ఏనుగు 1989 నిర్ణయంతోనూ దాని కఠిన జాబితాలో చేరాయి. మామత్ ఆ జాబితాలో లేదు. 2019లో జెనీవా సమావేశంలో మామత్‌ను రెండవ జాబితాలో చేర్చాలని ఇజ్రాయెల్ ప్రతిపాదించి, తర్వాత ఉపసంహరించుకుంది. అంచేత దేశాల మధ్య మామత్ వ్యాపారాన్ని ఆ ఒప్పందం అడ్డుకోవటం లేదు. ఏ దేశానికి ఆ దేశపు చట్టమే దిక్కు.

చైనా 2017 చివరతో, హాంకాంగు 2021 చివరతో ఏనుగు దంతపు వ్యాపారాన్ని మూసివేశాయి. మామత్‌ను ఆ నిషేధాల్లో చేర్చలేదు. బ్రిటన్‌లో 2018లో చేసి 2022 జూన్ నుంచి అమలులోకి తెచ్చిన దంతపు చట్టానిదీ అదే తీరు. అమెరికాలో మాత్రం రాష్ట్రానికొక తీరు. న్యూయార్కు, న్యూజెర్సీ 2014లో, కాలిఫోర్నియా 2016 నుంచి మామత్ దంతాన్ని కూడా నిషేధంలో చేర్చాయి. ఒక రాష్ట్రంలో దుకాణం అద్దాల వెనక వుండే బొమ్మ పక్క రాష్ట్రంలో కేసు అవుతున్నది. మొత్తం మీద ఆంక్షలు ఏనుగు దంతం మీదనే మొదలై, దానిని పోలినవాటి మీదికి పాకుతున్నాయి. మన దేశం ఈ దారిలో ముందు నడిచింది.

విశాఖ దంతపు పని నేర్పే పాఠం

దంతపు పని తెలుగునాటకు పరాయిది కాదు. 18వ శతాబ్దం నుంచి విశాఖపట్నం కంసాలి పనివారు నల్లచేవ, గంధపు చెక్క సామానుకు దంతపు రేకులు తాపి, వాటిపై లతలు, భవనాలు గీసి, గీతల్లో నల్ల లక్క నింపి చేసిన పెట్టెలు, మేజాబల్లలు ఇంగ్లీషు కంపెనీ దొరల ఇళ్ళకు చేరాయి. దంతంలో కొంత బర్మాలోని పెగూ నుంచి ఓడల మీద వచ్చేది. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఆ సామాను నేటికీ వున్నది.

నేడు విశాఖలో ఆ వృత్తి బజారు లేదు. చేతిపని ఎంత గొప్పదైనా, ముడిసరుకు దూరదేశం నుంచి రావలసినదై, దానిపై చట్టపు నీడ పడితే వృత్తి నిలబడదన్నది ఆ పని చెప్పే పాఠం. నిషేధాల తర్వాత దేశంలో మిగిలిన దంతపు పనివారు ఎముకకు, కొమ్ముకు, గంధపు చెక్కకు మళ్ళవలసి వచ్చింది. ఉత్తరప్రదేశ్‌లోని సంభల్ ఎముక, కొమ్ము సామానుకు పేరుపొందింది. దంతం చాయకు దగ్గరి సరుకు కోరే విదేశీ కొనుగోలుదారులకు అటువంటి ఎముక పనిని చూపించవచ్చు. ఏ జంతువు ఎముక అన్నది బిల్లులో స్పష్టంగా వుండాలి.

మన చేతిలో వున్న సరుకు

జంతు బొమ్మల గిరాకీ నిజమైనదే. దానికి దంతమే కావాలన్న నియమం లేదు. కొండపల్లిలో తెల్లపొణికి చెక్కతో చేసే అంబారీ ఏనుగు, ఏటికొప్పాకలో అంకుడు చెక్కపై లక్కరంగు బొమ్మలు ఇప్పటికే దేశాలు దాటుతున్నవి. మనకు ఇంకా దగ్గరగా, గిద్దలూరు నుంచి నల్లమల దాటితే చేరే ఆళ్ళగడ్డలోనూ, పల్నాడులోని దుర్గిలోనూ రాతి శిల్పులు వున్నారు. రాయిని ఎంచటం, కట్టించటం, ఓడకెక్కించటం, విదేశీ కొనుగోలుదారుతో నాణ్యం మాట్లాడటం మార్కాపురం వర్తకులకు వెన్నతో పెట్టిన విద్య. పలక పంపే పెట్టెతోపాటు రాతి జంతు బొమ్మలను నమూనాగా పంపి చూడటానికి అయ్యే ఖర్చు పెద్దది కాదు. క్వారీ పర్మిట్టు నుంచి ఎగుమతి బిల్లు దాకా ఆ సరుకు కాగితాలన్నీ పగటి వెలుగులో వుంటాయి.

మామత్ బొమ్మ మీద బేరం వస్తే అడగవలసిన మొదటి ప్రశ్న ధర కాదు, నాణ్యం కాదు. రేపు దీన్ని నేను ఎవరికి, ఏ బిల్లు మీద అమ్మగలను అన్నదే. మన దేశంలో ఆ ప్రశ్నకు జవాబు లేదు. తిరిగి అమ్మే దారి లేని సరుకును ఎంత చౌకగా కొన్నా నష్టానికి కొన్నట్లే.